మూడో నీళ్ళు

గుండుగొలనులో మా పక్కిల్లు పురోహితులు దత్తాత్రేయులు గారిది. ఆయన భార్య బాలాత్రిపురసుందరి. ఆ పేరు మొత్తం పలికేలోగా మనిషి ఇంట్లోకి వెళ్ళిపోయేది. నోరు లేని మనిషి అనుకునేవాళ్ళం. మా తెలివి తెల్లారినట్టే ఉంది.

వాళ్ళ ఎనిమిదేళ్ళ మృదులకు ఆటలమ్మ పోసింది. పొక్కులు ఎండాయి, అమ్మవారి పేర రెండుసార్లు వేపాకు నీళ్ళు పోశారు. మూడో నీళ్ళు పోసేదాకా పిల్ల గడప దాటకూడదు, మందు మింగకూడదు. ఆ ఇంట్లో అది శాసనం. ఆ మధ్యలోనే ఎడమ కన్ను తిప్పితే నొప్పి అంది పిల్ల. వేడి చేసిందన్నారు అత్తగారు జానకమ్మగారు. మర్నాడు సుందరి బొట్టు పెట్టబోతే, మృదుల కుడికన్ను మూసుకుని భరిణెలోకి చూసి, "అమ్మా, గంధం పెడుతున్నావేం?" అంది.

భరిణెలో ఉన్నది కుంకుమ.

సుందరి పిల్లను చంకనేసుకుంది. జానకమ్మగారు గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. "మూడో నీళ్ళు పడకుండా ఎక్కడికే? అమ్మవారికి కోపం వస్తే రెండో కన్నూ పోతుంది."

"శుక్రవారం దాకా ఆగుదాం. అమ్మ మాట కాదనకు," అన్నారు దత్తాత్రేయులు గారు.

"ఆగనండీ. కోపం వస్తే నా కళ్ళు తీసుకోమనండి. అత్తయ్యగారూ, తప్పుకోండి."

గోడ ఇవతల నా ఒళ్ళు పులకరించింది. ఆటో నేనే పిలిచాను, ఎవరేమనుకున్నా సరే.

ఏలూరు ఆసుపత్రిలో స్కానింగ్ తీశారు. కంటి వెనక నరం వాచింది, అందుకే ఆ కంటికి ఎరుపు వెలిసిపోయి కనిపిస్తోంది, ఆటలమ్మ తర్వాత కొందరు పిల్లలకు ఇలా వస్తుందన్నారు. సెలైన్‌లో మందు ఎక్కించారు. చూపు మెల్లగా రావచ్చు, ఎంత వస్తుందో ఇప్పుడే చెప్పలేమన్నారు. ఈలోగా ఇంటినుంచి కబురు: నీళ్ళు పడని పిల్లను మా గడప తొక్కించొద్దు. సుందరి సరేనంది. ఏలూరులోనే తన అక్క ఇంట్లో దిగి, రోజూ పిల్ల కుడికన్ను మూసి భరిణె తెరిచేది. గంధం అనేది పిల్ల. సుందరి మూత పెట్టి ఏడ్చేది, మర్నాడు మళ్ళీ తెరిచేది.

నెల దాటాక ఆటో దిగారు. జానకమ్మగారు గుమ్మంలోనే ఉన్నారు. సుందరి గడప బయటే ఆగి, కుంకుమ భరిణె, గంధం గిన్నె పక్కపక్కన పెట్టింది. పిల్ల కుడికన్ను అరచేత్తో మూసింది.

"మామ్మకు కుంకుమ పెట్టమ్మా."

మృదుల తడుముకోలేదు. ఎర్రటి వేలు తిన్నగా మామ్మ నుదుటి మీదికి వెళ్ళింది. పెద్దావిడ పిల్లను పట్టుకుని బావురుమన్నారు. సుందరి కరగలేదు.

"ఇప్పుడు పొయ్యండి అత్తయ్యగారూ, ఆ మూడో నీళ్ళు."