పుట్టిన చోటు చూపించండి

మా బాబాయికి ఒకటే జబ్బు. ఏ వస్తువు కొనబోయినా "ఇది పుట్టిన చోటు చూపించండి" అంటాడు. మీరు నవ్వితే నవ్వండి. ఆయనతో ఒక్కసారి కూడా బజారుకు వెళ్ళలేదు కాబట్టి మీకు నవ్వొస్తోంది. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది.

ఆయన ముప్ఫై ఏళ్ళు ఇనుము పోతపోసే కార్ఖానాలో తనిఖీ పని చేశాడు. పోతపోసిన ప్రతి ముక్కనూ టార్చి వేసి చూడటం, పగులు కనబడితే పక్కన పారేయించడం ఆయన ఉద్యోగం. "పగులొచ్చిందంటే తప్పు ముక్కది కాదే, అచ్చుది. అచ్చు చూడకుండా ముక్క చూసేవాడు గుడ్డివాడు" అనేవాడు. ఉద్యోగం వదిలేశాడు గాని టార్చి వదల్లేదు. జేబులోంచి తీసి, తొడమీద రెండుసార్లు తట్టి, అప్పుడు వెలిగిస్తాడు. అదో దర్జా అనుకునేవాళ్ళం.

చెప్పుల కొట్టులో "ఇవి కుట్టిన గది ఎక్కడుంది?" అని అడుగుతాడు. "ఓడలో వచ్చాయండీ" అని కొట్టువాడు చెబితే "అయితే ఓడ ఎక్కించిన వాణ్ణి పిలు" అంటాడు. నా పెళ్ళి కుదుర్చుకోవడానికి మా ఆయన వాళ్ళింటికి వెళ్ళినప్పుడు మా అత్తగారిని పక్కకు పిలిచి "అబ్బాయి పుట్టిన ఆస్పత్రి ఇంకా ఉందాండీ?" అని అడిగాడు. ఆవిడ ఇప్పటికీ ఆ మాట మర్చిపోలేదు. నన్నూ మర్చిపోనివ్వదు.

పోనీ, ఇన్ని పరీక్షలు చేసే మనిషి వాడే వస్తువులైనా బాగుంటాయా అంటే అదీ లేదు. గొడుగుకు ఒక ఊచ ఉండదు. వాచీ రోజూ పావుగంట వెనకబడుతుంది. చొక్కాకు ఒక చెయ్యి పొట్టి. "అందరికీ వంకలు పెట్టి నువ్వు కొనుక్కునేవి ఇవా బాబాయ్?" అంటే "నీకెందుకే!" అని కసురుతాడు. ఇంట్లోకి ఎవరినీ రానివ్వడు. ఏం మాట్లాడినా గుమ్మంలో నిలబెట్టే మాట్లాడి పంపేస్తాడు.

అలాంటి మనిషిని కుక్కపిల్లను ఎంచడానికి నేనే పిలిచాను. అంతకుముందు ఒకసారి పిలవలేదు కాబట్టి పిలిచాను.

అప్పుడు రోడ్డు పక్కన బుట్టలో పెట్టుకుని అమ్ముతున్నవాడి దగ్గర తెల్లటి బుజ్జి కుక్కపిల్లను కొన్నాను. బాబాయికి తెలిస్తే బుట్ట పుట్టిన చోటు కూడా అడుగుతాడని చెప్పకుండా వెళ్ళాను. పిల్ల ఆడేది కాదు, అరిచేది కాదు. ఎంత బుద్ధిమంతురాలో అనుకుని మురిసిపోయాం. తొమ్మిదో రోజున పోయింది. "నెల కూడా నిండకుండా తల్లి నుంచి లాక్కొచ్చేశారు, టీకా లేదు, వచ్చేటప్పుడే జబ్బుతో వచ్చింది" అన్నాడు పశువుల డాక్టరు. బుట్టవాడి కోసం మూడు రోజులు ఆ రోడ్డంతా తిరిగాను. దొరికుంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. పెద్దగా ఏడవలేదు. ఒక్కటే అడిగింది. "నేను సరిగ్గా చూసుకోలేదా అమ్మా?" కాదమ్మా అని నేను ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు. మళ్ళీ కుక్కపిల్ల కావాలని అడగడానికి దానికి రెండు నెలలు పట్టింది. ఈసారి వచ్చేది బతికి తీరాలి. అందుకే ఈ టార్చి మనిషిని పిలిచాను.

మొదట ఒక అద్దాల దుకాణానికి వెళ్ళాం. దుకాణదారు గుప్పెడంత పిల్లను తెచ్చి మా అమ్మాయి చేతిలో పెట్టాడు.

"ఎప్పటికీ ఇంతే ఉంటుంది మేడమ్. పెరగదు."

"ఎందుకు పెరగదు?" అన్నాడు బాబాయి.

"చిన్న జాతి సార్."

"జాతి కాదు, ఆకలి. దీని పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. పొట్ట చూడు, నులిపురుగులతో ఎలా ఉబ్బిందో." టార్చి తట్టి వెలిగించాడు. చిగుళ్ళు చూశాడు, చెవులు వాసన చూశాడు, తోకెత్తి చూశాడు. ఒక కన్ను పుసితో మూసుకుపోయి ఉంది. "దీని తల్లేది?"

"ఊళ్ళో లేదు సార్."

"కుక్కకు ఊరి ప్రయాణాలేమిటయ్యా? పుట్టిన చోటు చూపించు!"

దుకాణదారు అడ్డం వస్తున్నా వినకుండా వెనక తెర లాగాడు. ఒకదానిమీద ఒకటి పేర్చిన బోనులు. కంపు. బాబాయి పెట్టిన కేకలకు వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగిపోయారు. నాకు తల తీసేసినట్టయింది. మా అమ్మాయి చేతుల్లోంచి ఆ పిల్లను తీసి కింద పెట్టించి "ఇది వద్దు, నడు" అన్నాడు. అది ఆ ఒక్క కన్నుతోనే మా అమ్మాయిని చూస్తూ ఉండిపోయింది.

ఇంకోచోట ఒకాయన తల్లిని కూడా చూపించాడు. బాబాయి ఆ తల్లి పొట్ట చూసి "దీనికి పాలే లేవు. ఎవరింట్లోంచి అరువు తెచ్చావు?" అన్నాడు. మరోచోట గోధుమరంగు పిల్ల నాలుగు అడుగులకోసారి చెంగున గెంతుతోంది. "భలే గెంతుతోంది తాతయ్యా!" అంది మా అమ్మాయి. "గెంతడం కాదమ్మా, మోకాలి చిప్ప జారిపోతోంది. వద్దు."

ఇలా ఆరు చోట్ల ఆరు వద్దులు. నేను మందుల షాపులో పనిచేస్తాను. మధ్య మధ్య బాబాయి అక్కడికి వచ్చి దూది, సెలైన్ సీసా పట్టుకెళ్ళేవాడు. "కంట్లో దుమ్ము పడుతోందే" అనేవాడు. కుక్కపిల్ల సంగతేమిటని అడిగితే ఒకటే జవాబు. "ఇంకో వారం ఆగు."

ఐదో ఆదివారం కూడా "ఇంకో వారం" అనేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఫోన్ పెట్టేసి, అమ్మాయిని వెంటబెట్టుకుని, ఆయన్ని కడిగేద్దామని తిన్నగా వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు ఓరగా ఉంది. లోపల ఏదో కుయ్యిమంది. తోసుకుని వెళ్ళాను.

ముందు గదిలో కుర్చీకి మూడే కాళ్ళు, నాలుగోది ఇటుక. మెడ వంకర దీపం ఒకటి. గుర్తుపట్టాను, మా ఇంటికి కొనబోతే రెండేళ్ళ క్రితం ఆయన వద్దన్న దీపమే. ఎటు చూసినా ఆయన ఎవరికో ఒకరికి వద్దన్న వస్తువే. చాపమీద గోధుమరంగు పిల్ల చెంగున గెంతింది. బాబాయి ఒళ్ళో గుప్పెడంత పిల్ల, పక్కన నా దూది. మూసుకుపోయిన కన్ను సగం తెరుచుకుంది.

"తలుపు కొట్టడం రాదా?" అని అరిచాడు.

"వీటిని వద్దన్నావు కదా!" అని నేనూ అరిచాను.

"నీకు వద్దన్నాను. నాకు వద్దన్నానా? పనికిరాని ముక్కను కార్ఖానాలో మళ్ళీ కరిగిస్తారే. వీటినేం చేస్తారు?"

"ఆ దుకాణంవాడికి డబ్బిచ్చావా?"

"డబ్బా! మర్నాడే అధికారుల్ని వెంటబెట్టుకెళ్ళి ఆ బోనులన్నీ ఖాళీ చేయించాను. మిగతావాటిని వాళ్ళు తీసుకెళ్ళారు. ఇది బతకదన్నారు. బతకకపోతే నా దగ్గరే బతకకుండా ఉంటుందిలే, ఇలా ఇవ్వండన్నాను. ఆ గెంతేదాన్ని ఎవడూ కొనడని దాన్ని అమ్మేవాడే ఊరికే వదిలించుకున్నాడు."

"తాతయ్యా, ఇది నాకివ్వవా?" అంది మా అమ్మాయి.

"ఇవ్వను!" అని గద్దించాడు. "ఇది ఉంటుందో పోతుందో నాకే తెలియదు. నువ్వు ఇంకోసారి..." మాట ఆపి టార్చి తీసి అటూ ఇటూ తిప్పాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "అమ్మడూ, ఆ తెల్లపిల్ల పోయిందే, అందులో తప్పు నీది కాదు. అచ్చుది. అది పుట్టిన చోటే చెడ్డది. ముప్ఫై ఏళ్ళు చూసినవాణ్ణి, నాకు తెలుసు."

నేను వందసార్లు చెప్పినా నమ్మనిది ఆ మాట నమ్మింది. చాపమీద కూర్చుని దూది అందుకుంది. నేను తిట్టాలనుకుని తెచ్చుకున్న తిట్లన్నీ అలాగే ఉండిపోయాయి.

అసలు సంగతి అప్పుడు చెప్పాడు. ఒక టైలరమ్మ ఇంట్లో చిన్నజాతి కుక్క ఈనింది. వచ్చే ఆదివారానికి పిల్లలకు ఎనిమిది వారాలు నిండుతాయి. ఈయన ఐదు వారాలుగా వెళ్ళి చూసి వస్తున్నాడు.

"ముందే చెప్పి చావొచ్చుగా బాబాయ్!"

"చెబితే అమ్మడు రోజులు లెక్కపెడుతుంది. ఈలోగా ఏమైనా అయితే ఎవరు సమాధానం చెబుతారు, నువ్వా?"

ఆదివారం వెళ్ళాం. కుట్టుమిషను పక్కనే గోనెపట్టా మీద తల్లి, నాలుగు పిల్లలు. మిషను గరగరలాడుతున్నా ఒక్కటీ బెదరడం లేదు. తల్లి లేచొచ్చి మా అమ్మాయి చెయ్యి నాకింది. టీకా కార్డు గోడకు మేకుకు వేలాడుతోంది. బాబాయి ఇరవై నిమిషాలు చూశాడు. కళ్ళు, చెవులు, చిగుళ్ళు, మోకాళ్ళు. చివరికి "ఏ లోపమూ లేదు" అన్నాడు, ఏదో పారేసుకున్నవాడిలా.

"మీ పరీక్ష అయిందా అండీ?" అంది టైలరమ్మ కత్తెర పక్కన పెడుతూ. "ఇప్పుడు నాది. పుట్టిన చోటు మీరు చూశారు. పెరిగే చోటు నేను చూడొద్దా?"

బాబాయి మొహం జేవురించింది. "మమ్మల్నే తనిఖీ చేస్తారా?"

"చేస్తానండీ. చూడకుండా ఇంతవరకు ఒక్క పిల్లనీ ఇవ్వలేదు."

ఆవిడ మాతోపాటే మా ఇంటికి వచ్చింది. పగలు ఇంట్లో ఎవరుంటారో అడిగింది. బాల్కనీ ఊచల మధ్య చెయ్యి దూర్చి చూసింది, మెట్లు లెక్కపెట్టింది. బాబాయి వెనకాలే తిరుగుతూ పళ్ళు నూరుతున్నాడు. ఆవిడ మోకాళ్ళమీద కూర్చుని మా మంచం కిందికి వంగింది.

"ఇక్కడ చీకటిగా ఉందండీ. తీగలేమైనా ఉన్నాయో ఏమో, కనబడటం లేదు."

బాబాయి జేబులోంచి టార్చి తీసి, మమ్మల్నెవ్వరినీ ఇన్నేళ్ళలో ముట్టుకోనివ్వని టార్చి, ఆవిడ చేతికిచ్చాడు.

"ఊరికే నొక్కితే వెలగదు, లోపల పట్టీ వదులుగా ఉంది" అన్నాడు. "కొన్నప్పటి నుంచీ అంతే. రెండుసార్లు తట్టాలి."