మామ ఏడని అడిగాను

నల్లగొండలో విలేకరిగా ఉన్న రోజుల్లో, ఎండిపోతున్న బత్తాయి తోటల గురించి రాయడానికి కట్టంగూర్ వెళ్లాను. మా మేనత్తది ఆ ఊరే. నన్ను ఇంట్లో పెట్టుకుని పదో తరగతి దాకా చదివించింది ఆమె భర్తే. అమ్మానాయిన పోయాక రాకపోకలు తెగిపోయి, మామను చూసి పదేళ్లయింది. పనయ్యాక చూసి రావచ్చనుకున్నాను.

రైతులిచ్చిన బత్తాయిల సంచితో వాకిట్లో నిలబడి, "అత్తా, మామ ఏడి?" అని నవ్వుతూ కేకేశాను.

అత్త వచ్చి నా మెడ మీద పడింది. మా దిక్కు చాన్నాళ్లకు అయినవాళ్లు కనబడితే, ఆలోగా పోయినవాళ్లను తలచుకుని ఆడవాళ్లు రాగం తీసి ఏడుస్తారు.

"ఓ అల్లుడా! మీ మామ పోయేముందు మూడు దినాలు నీ తొవ్వ జూసెగదరా! ఫోన్ జేపిస్తే నీ నంబరు కలవకపాయెగదరా!"

నంబరు మార్చిన సంగతి వీళ్లకు చెప్పలేదు. అలా మెడ పట్టుకుని ఏడ్చేవాళ్లతో పాటు మనమూ ఏడవాలి. నాకు ఏడుపు రాలేదు. చేతిలో సంచి దించడం కూడా తోచలేదు.

చుట్టూ చేరినవాళ్లలో ఒకామె అననే అన్నది: "ఊరోళ్ల ఏడుపులన్నీ పేపర్ల రాస్తడట. అత్త ఏడుస్తుంటే కట్టె లెక్క నిలవడ్డడు సూడు!"

కాసేపటికి అత్త కొంగుతో ముఖం తుడుచుకుని, "తిన్నవా బిడ్డా?" అన్నది.

ఆ సాయంత్రం తోటల వార్త వేళకే పంపాను. మామ పోయిన వార్త ఆ రోజు నాకు చేరేసరికే రెండేళ్లు దాటింది.