బర్రె ఎందుకు చేపింది

దూడ పోయిన బర్రె మళ్లీ బకెట్ నిండా పాలిస్తే ఎవరైనా సంతోషిస్తారు. నేను అనుమానించాను. మా ఇంట్లో ఏదైనా మంచి జరిగితే, ముందు ఎవరు ఏం దాస్తున్నారో చూడాలని ఇన్నేళ్ల కాపురం నాకు నేర్పింది.

మాది ఇబ్రహీంపట్నం పక్కన చిన్న వ్యవసాయం. చుట్టూ ఉన్న పొలాలన్నీ ప్లాట్లయి హద్దురాళ్లు మొలిచాయి. మధ్యలో మా ముక్క ఒక్కటి మిగిలింది. అందులో కొంత పచ్చగడ్డి, ఒక రేకుల కొట్టం, రెండు బర్రెలు, ఒక ఆవు. మా ఆయన శేరిగూడ దిక్కు ఒక కాలేజీ బస్సు నడుపుతాడు. పొద్దున పిల్లల్ని దింపి, మధ్యాహ్నం ఇంటికొచ్చి, సాయంత్రం మళ్లీ బండెక్కుతాడు. నేను జువాలజీతో డిగ్రీ చేశాను. కప్పల్ని కోసిన చేతులతో మా కోడలు పేడ ఎత్తుతుందని మా అత్త వచ్చినవాళ్లందరికీ చెప్తుంది. అది మెప్పో దెప్పో నేనింకా తేల్చుకోలేదు.

పెద్ద బర్రె ఈనినప్పుడు ఆడదూడ పుట్టింది. పాడి మీద బతికే ఇంట్లో అంతకంటే పండగ లేదు. నుదుటి మీద రూపాయి బిళ్లంత తెల్లమచ్చ. కాళ్లు సరిగా నిలవకముందే నా కొంగు నమలడం మొదలుపెట్టింది. మా అత్త జున్నుపాలు వాడంతా పంచింది. ముందు దూడ కడుపు నిండనివ్వమని నేను, పంచకపోతే దిష్టి తగులుతుందని ఆమె. నాలుగు దినాలు తిరగకముందే దూడకు పారుడు పట్టుకుంది. డాక్టరు వచ్చి సెలైన్ ఎక్కించాడు. బతకలేదు. జున్ను తిన్న వాళ్లందరి కళ్లనూ మా అత్త అనుమానించింది. నేను మా అత్తను అనుమానించాను.

మా ఆయన దూడను పొలం చివర పూడ్చి వచ్చాడు. మిగతా పశువులకు రోగం అంటకూడదని నేను కొట్టమంతా ఫినాయిల్ పోసి కడిగాను.

అప్పటినుంచి పెద్ద బర్రె అరుపే అరుపు. దూడ పడుకునే మూలకేసి చూసేది, వాసన పట్టేది, ముక్కు ఎగబీల్చి మళ్లీ అరిచేది. పొదుగు రాయిలా బిగిసింది. పాలు ఉన్నాయి, కిందికి రావు. దూడ వచ్చి మూతితో పొడిస్తేనో, వచ్చిందని బర్రెకు నమ్మకం కలిగితేనో పాలు దిగుతాయి. దాన్నే చేపడం అంటారు. మా బర్రె చేపడం మానేసింది. మా అత్త చన్నులు పట్టుకుని ఎంత లాగినా చెంబు అడుగు తడవడమే గగనమైపోయింది.

“మా కాలంల అయితే దుడ్డె తోలు ఒలిపిచ్చి, లోపట గడ్డి కుక్కి ముందర నిలవెడ్తుంటిమి,” అంది అత్త. “దాన్నే నాకుకుంట పాలిస్తుండె.”

“ఇప్పుడు తోలు ఎవరు ఒలుస్తరు అత్తా? పూడ్చినదాన్ని తవ్వుదమా?”

“నేను తవ్వమన్ననా? ముచ్చట చెప్పిన.”

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. ఆయన గొంతు సవరించుకుంటే ఏదో తప్పుడు సలహా వస్తుందని అర్థం. “సూది ఉంది గద. అందరు ఏస్తుండ్రు. ఏసినంక నిమిషంల పాలు దిగుతయి.”

ఆ సూది సంగతి నాకు తెలుసు. రోజూ పొడిచి పొడిచి పాలు గుంజిన బర్రె తర్వాత ఎదకు రాక, చూలు నిలవక, చివరికి కబేళా లారీ ఎక్కడం కళ్లారా చూశాను. పైగా మా పాలు పట్టుకెళ్లే వాళ్లలో కాలేజీలో పాఠాలు చెప్పే ఒకామె ఉంది. ఆమె చంటిపాప తాగేది ఈ బర్రె పాలే.

“ఇగో విను,” అన్నాను. “నా కొట్టంల సూది ముట్టిందని తెలిసిందనుకో, బేరగాన్ని నేనే పిలుస్త. నేనే పలుపు విప్పి చేతికిస్త. తర్వాత నన్నేమనొద్దు.”

“నీ కొట్టమా?” అన్నాడు.

పాలియ్యని బర్రెను తవుడూ చెక్కా పెట్టి మేపే స్తోమత మాకు లేదు. అంటే సూది వేసినా పోతుంది, వేయకుండా ఎండినా పోతుంది. మా పెరట్లో పుట్టి, మా చేతుల్లో పెరిగి, నేను దాణా కలిపే చప్పుడుకే తల తిప్పే బర్రె అది.

వాసన పట్టినట్టు పశువుల బేరగాడు మర్నాడే దిగాడు. మోటార్ సైకిల్ దిగకుండానే మాట మొదలుపెట్టాడు.

“ఎన్నొద్దులు మేపుతవక్కా వట్టి బర్రెను? అబ్దుల్లాపూర్‌మెట్ దిక్కు ఒక పార్టీ ఉంది. మంచిగ పెంచుకుంటడు.”

“పాలియ్యని బర్రెను పెంచుకొని ఏం జేస్తడు? పొద్దుగాల లేచి దాంతోని ముచ్చట్లు వెట్టుకుంటడా?”

“నువ్వు గట్లనే అంటవ్. ఆదివారం మళ్ల వస్త. జర ఆలోచన జెయ్యి.”

ఆ మర్నాడే బర్రె చేపింది. మధ్యాహ్నం మా అత్త బకెట్ తెచ్చి నా ముందు పెట్టింది. నురగతో నిండుగా ఉంది. ఆమె ముఖంలో నవ్వు, వెనక మా ఆయన. ఆయనకు కొట్టంలో ఏం పని? ఆవు ఈనే రోజున కూడా బస్సు టైమైందని జారుకునే మనిషి.

“ఎట్ల చేపింది?” అని అడిగాను.

“చేపింది, గంతే,” అంది అత్త.

“బర్రె మనసు మారింది,” అన్నాడు ఆయన.

బర్రె మనసు సంగతి ఆయన ఎప్పుడు కనుక్కున్నాడో. అప్పటినుంచి పాలు పిండే వేళకు ఇద్దరూ కలిసి కొట్టంలోకి పోవడం, లోపల గొళ్లెం పెట్టుకోవడం. నేను తలుపు తడితే, “నీ లొల్లికి బర్రె బెదురుతది, పో,” అని లోపలినుంచి అత్త గొంతు. బయటికి రాగానే ఆయన తిన్నగా స్నానానికి. చాయ్ అడగని మగవాడు, అడగకుండా స్నానం చేసే మగవాడు, ఇద్దరూ అనుమానించాల్సినవాళ్లే.

నేను వెతకడం మొదలుపెట్టాను. పేడకుప్ప కెలికి చూశాను, రేకుల సందుల్లో చెయ్యి పెట్టి చూశాను, దాణా బస్తాల వెనక చూశాను. మందు సీసా లేదు, సూది లేదు. బర్రెను కడిగే వంకతో మెడా తొడా తడిమాను. పోటు గుర్తు కనబడలేదు, గోమార్లు మాత్రం దొరికాయి. ఏమీ దొరకకపోవడంతో నా అనుమానం ఇంకా పెరిగింది. ఇంత శుభ్రంగా దాచారంటే తల్లీకొడుకులు కలిసి ఆలోచించే చేస్తున్నారు.

బట్టలు ఉతికేటప్పుడు ఒకటి దొరికింది. ఆయన ఖాకీ ప్యాంటు మోకాళ్ల మీద పేడ. సూది వేసేవాడు మోకాళ్ల మీద కూర్చుంటాడా? పోనీ బర్రెకు దండం పెడుతున్నాడా? మర్నాడు చొక్కా జేబులో ఒక మందు ట్యూబు. చేతిలో పట్టుకుని వెలుతురులో చదివాను. నడుం నొప్పికి రాసుకునేది.

“బస్సు సీటు బాగలేదు,” అన్నాడు.

“నిన్నటిదాక బాగనే ఉండె గద సీటు.”

“నువ్వు పోలీసుల ఉండాల్సింది,” అన్నాడు. సమాధానం లేనప్పుడల్లా ఆయన నాకొక ఉద్యోగం ఇస్తాడు.

శనివారం మహిళా సంఘం మీటింగ్ ఉందని చెప్పి చీర మార్చుకుని బయల్దేరాను. మీటింగ్ నిజంగానే ఉంది, కాబట్టి అబద్ధం చెప్పినట్టు కాదు. వెళ్లలేదు, అంతే. గడ్డి మడి వెంట చుట్టు తిరిగి కొట్టం వెనక్కి చేరాను. అక్కడ గోడ రేకు ఒకచోట తుప్పు పట్టి చిల్లు పడింది. సూది చేతిలో ఉండగా పట్టుకోవాలి. పట్టుకుంటే ఆదివారం బర్రె పోవాలి, మాట నాదే కదా. అయినా చిల్లుకు కన్ను ఆనించాను.

మా అత్త పొదుగు దగ్గర కూర్చుని పిండుతోంది. బర్రె ముందు, దూడ కట్టేసే చోట, యాభై దాటిన మా ఆయన ఖాకీ బట్టల్లో మోకాళ్లూ చేతులూ నేలకు ఆనించి వంగి ఉన్నాడు. తల మీదినుంచి వీపు దాకా ఒక మాసిన గోనెసంచి. బర్రె ఆ సంచిని మెడ దగ్గర్నుంచి నడుం దాకా నాకుతోంది. దూడ ఉన్నప్పుడు చేసే ఆ సన్నని మూలుగు చేస్తోంది.

“తలకాయ కిందికి పెట్టు,” అంది అత్త గుసగుసగా. “మొఖం కనవడ్తది దానికి. జర కదులు. దుడ్డె గట్ల రాయి లెక్క ఉంటదా?”

మా ఆయన సంచి కింద అటూ ఇటూ ఊగాడు. బకెట్లో ధార మోత పెరిగింది.

పాలు పిండడం అయ్యేదాకా నోరు మూసుకుని నిలబడ్డాను. ఈ మాట మా ఇంట్లో ఎవరూ నమ్మరు. తర్వాత ముందువైపుకు వచ్చాను. తలుపు తెరిచి నన్ను చూసిన ఆయన సంచిని వీపు వెనక్కి దాచాడు.

“మీటింగ్ అయిపోయిందా?”

“సూది ఏది?” అన్నాను. అంతా కళ్లతో చూశాక కూడా ఆ మాటే వచ్చింది.

“ఏం సూది? గిది దుడ్డె పండుకున్న సంచి. నువ్వు కడిగేకంటే ముందుగాల తీసి దాచిపెట్టిన. ఊకె కింద ఏస్తే బర్రె చూస్తలేదు. కదలాలె, పానం ఉన్నట్టు ఉండాలె.”

“నాకు చెప్పొద్దా?”

“చెప్తే ఏం జేస్తవ్? సంచిని సర్ఫుల నానవెడ్తవ్. గది చాలదని వాడంత చెప్పి నవ్వుతవ్.”

నానబెట్టేదాన్నే, కాదనను. నవ్వేదాన్ని కూడా. కానీ భార్యకు చెప్పని మనిషి బర్రె ముందు మోకరిల్లడమేమిటని ఆ రాత్రి అన్నం తినేదాకా వాదించాను. అయినా నాకొక అనుమానం మిగిలింది, బర్రె మీద. డీజిల్ వాసన కొట్టే మనిషిని అది నిజంగా దూడనుకుంటుందా? మనుషుల్ని వాసనతోనే పోల్చుకునే జంతువు అది. నా మటుకు నాకు, దానికి మొత్తం తెలుసు. తెలిసే, ఆ సంచిలో మిగిలిన వాసన కోసం ఈయన్ని భరిస్తోంది.

ఆదివారం పొద్దున ఆయన మంచం దిగలేకపోయాడు. నడుం పట్టేసింది. అత్త బకెట్ పట్టుకుని నా ముందు నిలబడింది. సంచి నా చేతిలో పెట్టింది.

“నన్ను చూస్తే బెదురుతదంటివి గద?”

“మాట్లాడితే బెదురుతది. మాట్లాడకు.”

మోకాళ్ల మీద వంగి సంచి కప్పుకున్నాను. లోపల చీకటి. ఎండిన పాలు, మూత్రం, పసిదూడ ఒంటి వాసన. అది చచ్చిన రోజున ఫినాయిల్ డబ్బా పట్టుకుని తిరిగానే తప్ప నాకు కన్నీరు రాలేదు. ఇప్పుడు ముక్కు చీదుకోవాల్సి వచ్చింది, చీదితే బర్రె బెదురుతుంది. బర్రె నా మెడ దగ్గర ముక్కు పెట్టి ఒక్కసారి బుసకొట్టి ఆగింది. మళ్లీ వాసన చూసింది. భుజం, చెవి, మళ్లీ భుజం. నేను ఎవర్నైనా నమ్మేముందు ఎంతసేపు చూస్తానో అంతసేపూ చూసింది. వెనక బకెట్లో ధార చప్పుడు లేదు.

అప్పుడే గేటు దగ్గర మోటార్ సైకిల్ ఆగింది.

“అక్కా, బర్రె సంగతేమాయె?”

జవాబు నా నాలుక చివర ఉంది. పళ్లు బిగబట్టాను. బర్రె వాసన చూడడం ఆపింది. నేను భుజాన్ని మెల్లగా దాని మూతికి ఆనించి, దూడ తోసినట్టు తోశాను. కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత గరుకైన వెచ్చని నాలుక సంచి మీదుగా నా వీపంతా ఒక్క లాగు లాగింది. వెనక బకెట్లో సన్నగా ఒక ధార పడింది, వెంటనే మరొకటి, ఆపైన మోత.

“అక్కా?”

ఆ మోత గేటు దాకా వినబడే ఉంటుంది. మోటార్ సైకిల్ స్టార్టయింది, తిరిగింది, రోడ్డెక్కింది. నేను లేవబోయాను.

“కదలకు,” అంది అత్త. “ఇంక వెనక చన్నులున్నయి.”