క్వారీ గుంటలో పట్టుకున్న చెయ్యి

ఇరవై రెండేళ్ళప్పుడు నాకు ధైర్యం చానా ఉండేది, కాకపోతే అదంతా నోట్లోనే ఉండేది. మాచర్లలో మా అబ్బాది, అంటే మా నాన్నది, పంక్చర్ షాపు. నీళ్ళతో నా పరిచయమంతా ట్యూబు ముంచి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూసే బకెట్ దాకానే. అలాంటిదాన్ని, ఫోన్లో నాలుగు వీడియోలు చూసి, కృష్ణ మీద పంపుహౌసుల్లో నీళ్ళ కింద చెత్తని ఆపే జాలీలు శుభ్రం చేయించే కాంట్రాక్టరు దగ్గరికెళ్ళి పనిమ్మన్నాను. స్కూబా డైవింగ్ నేర్చుకుని రా, చూద్దాం అన్నాడాయన. ఇంట్లో వారం రోజులు అలిగితే మా అబ్బా దిగొచ్చాడు. "ఒక్కసారేనే! రాకపోతే మళ్ళా ఉద్యోగం మాటెత్తకుండా షాపులో కూర్చోవాల" అన్నాడు.

విశాఖ నుంచి వచ్చిన సార్ ఒకాయన దుర్గి అవతల ఎప్పుడో వదిలేసిన రాళ్ళ క్వారీ గుంటలో నేర్పేవాడు. అన్నీ వచ్చాయి, ఒక్కటి తప్ప. అడుగున మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళకున్న మాస్కు తీసేసి, మళ్ళీ పెట్టుకుని, లోపలి నీళ్ళని ముక్కుతో ఊది బయటికి పంపాలి. మాస్కు తీయగానే నాకు ప్రపంచం ఆరిపోయినట్టుండేది. గట్టు పక్కన లోతులేని చోటే పిచ్చిదానిలా పైకి లేచి దగ్గేదాన్ని. చివరికి సార్‌కి విసుగొచ్చింది. "రేపు లోతు వైపు దిగుదాం. రేపు కూడా రాకపోతే ఇంక నా వల్ల కాదమ్మా" అన్నాడు.

మర్నాడు మా అబ్బా కూడా వచ్చాడు. నా మీద బెంగతో కాదు, సిలిండర్లో గాలి మీద అనుమానంతో (ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "ఆయిల్ కలవలేదులే" అని సర్టిఫికెట్ ఇచ్చాడు). గట్టు మీద మేకలు కాసే అవ్వ ఒకామె నన్ను ఎగాదిగా చూసింది. "ఆ లోతులోకి దిగుతావా అమ్మాయ్? లోపల జనం ఉన్నారు. ఎండాకాలం నీళ్ళు తగ్గితే తలకాయలు కనపడతయ్. నా మేకలు ఆ పక్క నీళ్ళు తాగవు" అంది, వంకాయల ధర చెప్పినంత మామూలుగా. మా అబ్బా అది వింటూనే బీడీ వెలిగించుకున్నాడు. నేను నవ్వేశాను. నవ్వాక మాస్కు పట్టీ ఇంకోసారి బిగించుకున్నాను.

దిగాం. పైనున్న ఎండ కాసేపటికే పచ్చగా, తర్వాత బూడిదగా అయిపోయింది. చప్పుడంటే నా ఊపిరే. అదీ నాది కాదన్నట్టు, వెనకాల ఎవరో పీలుస్తున్నట్టు వినిపించేది. అప్పుడు కనపడ్డారు. మడ్డిలో నడుముల దాకా కూరుకుపోయి, ఒకరి వెనక ఒకరు, నిలబడి ఉన్నారు. ఒకామె తల కొంచెం వంచి నా వైపే చూస్తోంది. అందరి ముఖాల మీదా నాచు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. సార్‌కి వేలు పెట్టి చూపించాను. ఆయన నా భుజం పట్టీ లాగి వాళ్ళ ముందే కూర్చోబెట్టి, తాపీగా మాస్కు తియ్యమని సైగ చేశాడు. ఓరి దేవుడా, ఈ మనిషికి కళ్ళు లేవా!

మాస్కు తీస్తే కనీసం వాళ్ళు కనపడరు గదా అనిపించింది. అంతే, పీకేశాను. కళ్ళు గట్టిగా మూసుకుని, సార్ కోసం తడుముకుంటే చెయ్యి దొరికింది. పట్టుకున్నాను. ఇంత చల్లగా ఉందేంది ఈయన చెయ్యి అనుకున్నాను గానీ, పాపం కదల్చకుండా ఎంత ఓపిగ్గా ఇచ్చాడో అని ఆయన మీద తెగ గౌరవం పుట్టుకొచ్చింది. ఊపిరి నెమ్మదించింది. ఒక్క చేత్తోనే మాస్కు ఎలా తగిలించానో ఇప్పటికీ తెలీదు. ముక్కుతో ఊదాను, నీళ్ళు పోయాయి, కళ్ళు తెరిచాను.

సార్ అల్లంత దూరంలో చేతులు కట్టుకుని ఉన్నాడు. నా చేతిలో ఉన్నది, తల వంచి నన్ను చూసిన ఆమె చెయ్యి. నా వేళ్ళు రాసుకున్న చోట నాచు పోయి నల్లరాయి బయటపడింది. ముఖం కేసి చూస్తే ముక్కు సగం లేదు. నేను పైకి పరిగెత్తలేదు. ధైర్యం వచ్చి కాదు, ఆ చెయ్యి వదలాలంటే భయమేసి.

పైకొచ్చాక సార్ "పాస్" అన్నాడు. నేను సంగతి చెప్తే మా అబ్బా పొగ వదిలి, "దుర్గి శిల్పుల బొమ్మలే అయి. ఉలి జారి ముక్కు పోతే ఎవరు కొంటారు? చేత్తో చెక్కినదాన్ని నలుగురూ తొక్కే చోట పడెయ్యలేక నీళ్ళలో వదుల్తారు. ఆ పెద్దామెని నేనే జాకీ పెట్టి ట్రాలీ లోంచి దింపా" అన్నాడు.

"ముందే చెప్పొచ్చుగా అబ్బా!"

"నువ్వు అడిగావా?"

ఆ ఉద్యోగం వచ్చింది, చేశాను. ఇప్పుడు కొత్తవాళ్ళకి నేనే నేర్పుతున్నాను. మాస్కు తీసే దగ్గర అందరూ నాలాగే తడుముకుంటారు, నేను చెయ్యి ఇస్తాను. వాళ్ళు పిసికే పిసుకుడుకి సాయంత్రానికి వేళ్ళు వాచిపోతాయి, వేణ్ణీళ్ళలో పెట్టుకుని కూర్చుంటాను. అప్పుడు ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. అది ఎంత గట్టిగా పట్టుకుందో ఏమో, ఆమె రాయి కాబట్టి ఓర్చుకుంది.