తునికాకు చుక్కల దండ

కోరుట్లలో బతికున్నవాళ్ల చేత పని చేయించుకోవడం ఎవరికైనా వస్తుంది. చచ్చిపోయిన మనిషి చేత ఇరవై మూడు రోజులు క్రిస్మస్ దండ కట్టించుకున్నది మాత్రం ఒక్క విజయే. అదీ ఊరికే, చేతిలో ఏమీ పెట్టకుండా. నమ్మనివాళ్లు డిసెంబరులో ఆ ఇంటికి వచ్చి చూసుకోవచ్చు. దీపాలు పెట్టే వేళకు వస్తే ఇంకా మంచిది, వచ్చేంత గుండె ఉంటే.

విజయ బీడీలు చుడుతుంది. రోజుకు వెయ్యి. ఆమె వేళ్ల వేగానికి ఒకసారి ఈగ కూడా ఆకులో పడి బీడీ అయిపోయిందనీ, అది కాల్చినవాడు వారం రోజులు గుయ్యిమంటూ తిరిగాడనీ వీధిలో చెప్పుకుంటారు. భర్త ప్రభాకర్ సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. వారానికొకసారి ఇంటికొస్తాడు. కూతురు లీలకు అప్పటికి ఏడేళ్లు. పిల్లను మంచి బడిలో వేయాలని, ముగ్గురూ ఒక్క కప్పు కింద ఉండాలని మూడేళ్ల కిందట విజయ కోరుట్లలో ఒక ఇల్లు అద్దెకు పట్టింది. రెండు గదుల పెంకుటిల్లు. రెండేళ్లుగా అందులో ఎవరూ దిగలేదు. ఎందుకు దిగలేదని విజయ అడగలేదు. అడిగితే చెప్తారు. చెప్తే ఇల్లు చేయిజారిపోతుంది.

లీల మొదటి సాయంత్రమే వెనక గదిలోంచి బయటికి వచ్చి నిలబడింది.

"అమ్మా, గా మూలకు అవ్వ ఎవలు? చాట ఒళ్లె పెట్టుకొని కూసున్నది."

మూలలో ఎవరూ లేరు. చాట కూడా లేదు. పిల్ల మళ్లీ లోపలికి అడుగు పెట్టలేదు. మర్నాడే కథలాపూర్‌లో అమ్మమ్మ దగ్గరికి చేరింది. బడి కూడా అక్కడే అయింది.

నవంబరు ఆఖరున ప్రభాకర్ మాట తేల్చాడు. "క్రిస్మస్‌కు బిడ్డ అచ్చి ఈ ఇంట్ల ఉంటేనే ఈ ఇల్లు. లేకపోతే ఖాళీ జేద్దాం. నువ్వు గూడ మీ అమ్మ దగ్గరికే పో. నేను సిరిసిల్లల రూం జూసుకుంట."

"అంటే ముగ్గురం మూడు దిక్కులా?"

"రెండే దిక్కులు. వెయ్యి బీడీలు లెక్కవెడ్తవ్, గిది రాదా?"

విజయ నవ్వలేదు. ఆమె పుట్టింట్లో క్రిస్మస్ అంటే అంతా చర్చిలోనే. ఆమె తండ్రి పేరు ఏసయ్య, కూలిమనిషి. కొత్త బట్టలు కట్టుకుని చర్చికి పోయేవాళ్లు, వచ్చి మాంసం కూర తినేవాళ్లు. ఇంటికి మాత్రం పండుగ వచ్చిపోయినట్టే తెలిసేది కాదు. పిల్లకు భయం ఇంటితో కాబట్టి, పండుగ కూడా ఇంటికే చేయాలని విజయకు తోచింది. ఫోన్ చేసింది.

"ఇల్లంత చుక్కల దండ గడుత బిడ్డా. అస్తవా?"

లీల షరతు పెట్టింది. "అన్ని గోడలకు తిరగాలె. ఏడ తెగొద్దు. సందు ఉంటే అవ్వ లోపలికి అస్తది."

"సందు ఉండది."

"నేను ఏలు వెట్టి సూస్త. సందు ఉంటే కడప దాటి రాను."

జగిత్యాల బజారులో మెరుపుకాగితం దండలు దొరుకుతాయి, తెస్తానన్నాడు ప్రభాకర్. "అయి అందరిండ్లల్ల ఉంటయ్" అని విజయ కొట్టిపారేసింది. ఆమె చేతికి తెలిసింది బీడీలు చుట్టే తునికాకు. నానబెట్టిన ఆకును ఐదు కొనల చుక్కగా కత్తిరించి, బీడీ దారం చుట్టి, వరుసగా కట్టుకుపోవడం. ఆ చుక్కలు ఆరితే కొనలు లోపలికి ముడుచుకుంటాయి. దూరం నుంచి చూస్తే దారానికి చిన్న చిన్న పిడికిళ్లు వేలాడుతున్నట్టు ఉంటుంది.

పక్కింటి బాలవ్వ కూడా బీడీలు చుట్టే మనిషే. దారంతో గోడలన్నీ కొలిచి నడుము మీద చేయి పెట్టుకుంది. "నూట తొంభై చుక్కలు వడ్తయ్. రోజుకెన్ని జేస్తవ్?"

"వెయ్యి బీడీలు పోను, ఐదు."

"ఇయాల ఐదో తారీఖు. ఎంత జేసినా వంద. కడమ తొంభై ఎవలు, మీ ఏసుప్రభువు జేస్తడా?"

ఆ సాయంత్రం విజయ ఐదు చుక్కలు కట్టి, దండను వెనక గదిలో మేకుకు తగిలించింది. ఆరో తారీఖు పొద్దున చూస్తే పది ఉన్నాయి.

వెయ్యి బీడీలను ఇరవై ఐదు చొప్పున కట్టలు కట్టే మనిషి ఐదును పది అని పొరబడదు. కడపటి ఐదు చుక్కలు ముట్టుకుంది. తడిగా ఉన్నాయి, ఇప్పుడే నీళ్లలోంచి తీసినట్టు. ఆమె కట్టిన ఐదూ అప్పటికే ఆరి ముడుచుకున్నాయి.

ఏడో తారీఖు ఆమె ఐదు కడితే మళ్లీ ఐదు. ఎనిమిదిన మళ్లీ ఐదు. ఇది బాలవ్వ పనే అనుకుని దండ పట్టుకుని వెళ్లి నిలదీసింది. బాలవ్వ దండను వెలుగులోకి పట్టుకుని చూసింది. చూస్తూనే చేయి వెనక్కి తీసుకుంది.

"దారం జూడు విజయా. నీది కుడికి తిరిగింది. నాది గూడ కుడికే. ఇది ఎడమకు తిరిగింది."

"అయితే?"

"ఈ గల్లీల ఎడమచేత్తోని చుట్టే మనిషి ఒక్కతే ఉండె. వజ్రమ్మ. గీ ఇంట్లనే, గా మూలకే కూసుండి చుడుతుండె. పోయి రెండేండ్లాయె." బాలవ్వ గొంతు తగ్గించింది. "పోయిన దినం చాటల సగమే ఉండె. కడమయి నేనే చుట్టి కార్ఖానాల అప్పజెప్పిన."

బీడీలు చుట్టేవాళ్లలో ఒక మర్యాద ఉంది. ఒకామెకు ఒంట్లో బాగాలేక చేయి వెనకబడితే, పక్కన కూర్చున్నవాళ్లు తలా కొన్ని చుట్టి ఆమె చాటలో వేస్తారు. ఎవరు వేశారని ఆమె అడగదు. వేశామని వీళ్లు చెప్పరు. ఆమె లేచి అందరికీ చాయ పోస్తుంది, అంతే.

అయినా విజయ ఊరికే నమ్మే రకం కాదు. తొమ్మిదో తారీఖున ప్రభాకర్ సిరిసిల్ల నుంచి తెల్లటి మగ్గం దారం కండె ఒకటి తెచ్చాడు. ఆ వీధిలో అలాంటి దారం ఇంకెవరి ఇంట్లోనూ లేదు. ఆ సాయంత్రం ఐదు చుక్కలూ దానితోనే కట్టి, బీడీ దారం బాలవ్వ ఇంట్లో పెట్టి, కండెను దిండు కింద పెట్టుకుని పడుకుంది. తెల్లారి లేచేసరికి కండె దిండు కిందే ఉంది, కాస్త సన్నబడి. దండకు ఐదు కొత్త చుక్కలు. తెల్ల దారం. ఎడమకు తిరిగింది.

ప్రభాకర్ మంచం అంచున కూర్చుని చెమట తుడుచుకున్నాడు. "నువ్వే నిద్రల కడ్తున్నవే."

"ఎడమచేత్తోనా? నేను ఎడమచేత్తోని గిన్నె గూడ తోమ."

"మరి నిద్రల నీ ఎడమచెయ్యి ఎందుకు ఆడుతుండె?"

విజయ తన ఎడమచేతి వైపు చూసుకుంది. చూపుడువేలు కొనకు తునికాకు రంగు అంటి ఉంది. కడుక్కుంది. పోలేదు.

ఆ రోజు చీకటి పడుతుండగా ఒక గ్లాసు చాయ పోసి వెనక గది మూలలో పెట్టింది. బాలవ్వ గడప దగ్గర నిలబడి, "వజ్రమ్మ వేములాడ రాజన్నకు మొక్కే మనిషి. ఆమె మీ క్రిస్మస్‌కు దండ గట్టుడేంది?" అంది.

"చాటల వేసేటప్పుడు ఎవరి చాటని చూస్తమా పెద్దమ్మా?"

తెల్లారి గ్లాసు కడిగి బోర్లించి ఉంది. కింద తడి వలయం ఇంకా ఆరలేదు. దండకు ఐదు చుక్కలు.

అట్లా రోజూ సాగింది. గడప పక్క నుంచి గోడకు కడుతూ పోతే దండ పాకుతూ ముందు గది చుట్టి, వెనక గదిలోకి మళ్లి, ఆ మూల వైపు వచ్చింది. ఇరవై మూడో తారీఖు సాయంత్రానికి నూట ఎనభై ఐదు. ఇంక ఐదు చాలు. సరిగ్గా మూలలో రెండున్నర అడుగుల సందు.

ఇరవై నాలుగు పొద్దున చుక్కలు లేవు. గ్లాసులో చాయ అట్లాగే ఉంది, పైన మీగడ కట్టి.

పండుగ ముందురోజు మధ్యాహ్నం దాకా కార్ఖానాలో బీడీలు అప్పజెప్పక తప్పదు. తిరిగొచ్చి ఆకు నానబెడుతుండగానే ఫోన్ మోగింది. ప్రభాకర్ లీలను తీసుకుని కథలాపూర్‌లో బస్సెక్కాడట. ఆకు మెత్తబడటానికే బస్సు కంటే ఎక్కువ సేపు పడుతుంది. విజయ చాట తీసుకెళ్లి మూలలో పెట్టింది. ఆకు, కత్తెర, తెల్ల దారం, వేడి చాయ. ఇన్ని రోజుల్లో మొదటిసారి ఆ మూలతో మాట్లాడింది.

"అవ్వా, ఇంక ఐదే. నా బిడ్డ అస్తున్నది."

తలుపుకు తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుని బస్టాండుకు నడిచింది.

పొద్దుగూకే వేళకు ముగ్గురూ వచ్చారు. లీల గడప బయటే నిలబడి, చేయి లోపలికి చాచి మొదటి చుక్క మీద వేలు పెట్టింది. పట్టిన వేలు వదలకుండా ఒక్కో అడుగు వేస్తూ గోడ వెంట నడిచింది. విజయ రెండడుగుల వెనకే నడిచింది. ముందు గది అయింది. వెనక గది. మూల. వేలు ఎక్కడా ఆగలేదు. ఐదు తడి చుక్కలు, వాటి కొనల నుంచి నీటిబొట్లు చాటలో పడుతున్నాయి.

"సందు లేదమ్మా" అంది లీల. తర్వాత మూలలోకి చూసి, తల పక్కకు వంచింది. "గని అవ్వ లోపల్నే ఉన్నది గద."

ప్రభాకర్ ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట పెట్టి ఉండిపోయాడు. "విజయా, ఈ సంచి దించాల్నా, ఇట్లనే తిప్పుకపోవాల్నా?"

విజయ కూతురి పక్కన కూర్చుంది. మూలలో ఆమెకు గోడ తప్ప ఏమీ కనిపించలేదు. "ఏం జేస్తున్నది బిడ్డా?"

"ఏం జేస్తలేదు. పని అయిపోయినట్టు కాళ్లు సాపుకొని చాయ తాగుతున్నది." లీల తడి చుక్కను వేలితో తాకింది. "గీ దండ అవ్వ గట్టిందా?"

"సగం నేను, సగం అవ్వ."

"అయితే ఉండనియ్. రేపు కేకు గూడ పెట్టాలె."

ప్రభాకర్ సంచి దించాడు, మూలకు చాలా దూరంగా. ఆ పండుగే కాదు, ఆ తర్వాత కూడా లీల కథలాపూర్ తిరిగి పోలేదు.

ఇప్పుడు అది వాళ్లింటి ఆనవాయితీ. డిసెంబరు ఐదో తారీఖున ఆకు నానుతుంది, మూలలో ఒక గ్లాసు ఎక్కువ పడుతుంది. ఇప్పుడు చుక్కలు కట్టేది లీలే. కుడిచేత్తో రాసే పిల్ల, దారం మాత్రం ఎడమకు తిప్పుతుంది. ఎవరు నేర్పారని విజయ అడగలేదు.

వీధిలో ఈ కథ ఎవరు చెప్తున్నా, ఎంత పెంచి చెప్తున్నా, విజయ చేతులు ఆపకుండా ఆఖరిదాకా వింటుంది. విని, తల ఎత్తకుండా అంటుంది:

"ఇరువై మూడు గాదు, పంతొమ్మిది దినాలు. ఊకెనే గూడ గాదు. ఆరో దినం సంది చాయ పోసిన."