పేరు చివర చెప్పమన్న అజ్మత్ బీ

నర్మెట్ట సారయ్య మంచం దగ్గర జింబాబ్వే నుంచి వచ్చిన నర్సింగ్ పిల్ల నిలబడి, నిండుగా నవ్వి, తన పేరు చెప్పింది. "చిపో." సారయ్య కాసేపు ఆలోచించాడు. దుప్పటి మడిచి, చెప్పులు వేసుకుని, చేతికున్న సెలైన్ సూదితో సహా బస్టాండుకు వెళ్లిపోయాడు.

జనగామలో ఆ నర్సింగ్ కాలేజీ దవాఖానలో ఇరవై రెండేళ్లుగా ఆయా పని చేస్తున్న అజ్మత్ బీయే ఆటోలో వెళ్లి ఆయన్ని వెనక్కి తెచ్చింది. "గిట్ల పోతరా అన్నా?" అంటే, "ఛీ, పో అన్నంక ఉంటరా అక్కా?" అన్నాడు రోషంగా.

టీచర్ సుగుణ మేడం చిపోను పిలిచింది. పదిహేను రోజుల్లో వార్డు పరీక్ష. రోగి నోరు విప్పకపోతే ఈ ఏడాది చదువు వృథా. పేరు మార్చుకుంటే నయమని కూడా అంది.

"మా భాషల చిపో అంటే కానుక మేడం. అమ్మ పెట్టింది," అంటుంటే ఆ పిల్ల కళ్లు నిండాయి.

పక్కనే తడిగుడ్డ పిండుతున్న అజ్మత్ బీ ఉండబట్టలేకపోయింది. "పేరెందుకు మార్చాలె మేడం? ఆఖర్ల చెప్తె సరిపాయె. ఈ పిల్లను జర నాకియ్యిండ్రి."

ఇక అజ్మత్ బీ చీపురు ముందు, చిపో వెనక. "ముందు కూసో బేటా. నిలవడి అడిగితె పోలీసోళ్లు అడిగినట్టుంటది. నొప్పి ఉన్నదా అంటె అందరు లేదనే అంటరు. తిన్నవా అని అడుగు, అన్ని వాళ్లే చెప్తరు." శ్రద్ధ ఎక్కువై చిపో ఒకరోజు పెద్ద డాక్టరు పక్కన కూడా కూర్చుని "తిన్నవా నాయినా?" అని అడిగింది. ఆయన తినలేదట.

పరీక్ష పెట్టడానికి భూపాలపల్లి నుంచి వచ్చిన జగదీష్ సార్ కావాలనే కమ్లీ మంచం చూపించాడు. మహబూబాబాద్ దగ్గరి తండా మనిషి. కడుపు ఆపరేషనై రెండు రోజులైనా, ఎవరేం అడిగినా "ఏం లేదు" తప్ప మాట లేదు. అజ్మత్ బీ తుడిచిన కిటికీనే మళ్లీ తుడుస్తోంది.

చిపో కూర్చుంది. "యాడీ, బువ్వ తిన్నవా?"

లంబాడీలు అమ్మను పిలిచే ఆ పిలుపు అజ్మత్ బీ నేర్పిందే. కమ్లీ తల తిప్పింది. "తినలే బిడ్డా. తింటె దగ్గొస్తది. దగ్గితె కుట్లు గుంజుతయి."

చిపో దిండు తీసి కుట్లమీద ఆనించి, రెండు చేతులా అదిమి పట్టించి, దగ్గమంది. కమ్లీ భయంభయంగా దగ్గింది. అంతగా గుంజలేదు. మళ్లీ దగ్గింది, ఈసారి సంబరంగా. అరగిన్నె జావ తాగి, "నీ పేరేంది బిడ్డా?" అంది.

అజ్మత్ బీ చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"చిపో."

"పేరుకే పో. నువ్వు మాత్రం ఏడికి పోకు," అంది కమ్లీ, ఆ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని. వార్డు వార్డంతా ఘొల్లుమంది.

జగదీష్ సార్ పాస్ మార్కులు వేసి సంతకం పెట్టాడు గానీ, కాగితం మడుస్తూ గొణిగాడు: "ఆ అమ్మాయి అడిగిన మాట ఒక్కటీ పుస్తకంలో లేదు."

"రోగులు బుక్కు జూసి మంచాన పడరు సార్," అంది అజ్మత్ బీ.