వేలికి చుట్టిన నూలు

కరీంనగర్ దగ్గర రైల్వే గేటు పడి బస్సు ఆగిపోయింది. మెసలడానికి చోటు లేదు. పక్కన కూర్చున్నామె నా వేలి కట్టు చూసింది. సాంచె, అదే మరమగ్గం, ఆపితే నేసే గుడ్డ మీటర్లు, కూలీ తగ్గుతాయని మేం దెబ్బకు నూనె తుడిచే నూలే చుట్టుకుంటాం.

"ఏమైంది తమ్మీ?"

"సాంచెల అటూఇటూ ఉరికే నాడె తగిలిందక్కా. గంతే."

"మా ఆయన గూడ గట్లనే అన్నడు. దెబ్బ చీము పట్టి, విషం నెత్తురుల కలిసి కిడ్నీలు, ఊపిరితిత్తులు ఖరాబైనయి. ఐసీయూల ఉన్నడు."

నూలు విప్పి, తన సీసాలో నీళ్లతో కడిగింది. వేలు ఉబ్బి నల్లబడుతోంది.

"నాతోని దవాఖానకు రా."

గేటు లేచింది. దవాఖాన మెట్లదాకా ఆమె నా మణికట్టు వదల్లేదు.

నా వేలు దక్కింది. ఆమె భర్త బతికాడో లేదో తెలియదు. ఇప్పుడు చిన్నగా గీరుకున్నా సాంచె ఆపి కడుక్కుంటాను. సేటు తిడతాడు. తిట్టనీ.